మీ ఫ్లవర్‌వాజును ఇంకా కడగకపోతే, కడగకండి

కడపలో పాత సామాన్ల దుకాణంలో రెండు వందలకు కొన్న నీలం గాజు ఫ్లవర్‌వాజు ఏ దేశానిదో ఎలా తెలుసుకోవాలని అడిగారు. ఎత్తు ఆరంగుళాలు, అడుగున గరుకు మచ్చ, గాజులో రెండు మూడు బుడగలు, పేరూ ముద్రా ఏమీ లేవన్నారు. ఒకరు ఇటలీలో వెనిస్ దగ్గర గాజుపనికి పేరున్న మురానో దీవిదన్నారట, ఇంకొకరు ఉత్తరప్రదేశ్‌లో గాజులకు పేరున్న ఫిరోజాబాద్‌దన్నారట. మీరు దాన్ని ఇంకా కడగలేదంటే దయచేసి కడగకండి. ముందు ఈ మాట చెప్పాలనే ఈ జవాబు మొదలుపెట్టాను.

నాలుగేళ్ల కిందట నేనూ ఇదే ఊళ్లో, ఏడురోడ్ల కూడలికి దగ్గరలోని ఒక దుకాణంలో, తేనెరంగు వాజు కొన్నాను. దుమ్మూ నూనె జిడ్డూ కలిసి పేరుకుపోయి ఉంది. ఇంటికి రాగానే వేడినీళ్లలో సబ్బు వేసి నానబెట్టాను. అరగంట తర్వాత చూస్తే నీళ్ల మీద బంగారు రంగు కాగితం ముక్కలు తేలుతున్నాయి. జిడ్డు కింద తయారుచేసినవాళ్లు అంటించిన చీటీ ఉన్న సంగతి నేను గమనించనేలేదు. ముద్ర లేని గాజు మీద పుట్టిన చోటు చెప్పేది అలాంటి చీటీయే. ఇప్పటికీ తలచుకుంటే బాధగానే ఉంటుంది.

ఆ ముక్కల్ని తెల్లకాగితం మీద ఆరబెట్టి, ప్రొద్దుటూరులో కంసాలి పని చేసే మా బావగారి దగ్గర భూతద్దం తెచ్చుకుని చూశాను. ఇంగ్లీషు అక్షరాల్లో ‘స్లొవేకియా’ అన్న భాగం, దాని ముందు ‘ఓ’ అక్షరం మాత్రమే మిగిలాయి. ఆ ఒక్క ‘ఓ’ వల్ల లెక్క తేలింది. స్లొవేకియా 1993 జనవరి 1న విడి దేశమైంది. ముందు ‘ఓ’ ఉందంటే అది చెకోస్లొవేకియా. 1918లో ఏర్పడిన ఆ దేశం 1992 చివరి వరకే ఉంది. బొహీమియా గాజుకు పేరుపడ్డ ప్రాంతం అందులోదే. కాబట్టి నా వాజు ఎక్కడిదో, ఏ కాలానిదో ఒక చిరిగిన కాగితం చెప్పింది.

ఇక మీ వాజు సంగతి. ఊదిన గాజును గొట్టం నుంచి విడదీసి మూతి దిద్దాలంటే అడుగున ఇంకో ఇనుప కడ్డీ అంటించి పట్టుకుంటారు. పని పూర్తయ్యాక తట్టి విరిచేస్తే మిగిలేదే ఆ గరుకు మచ్చ. ఎక్కువ శ్రద్ధ పెట్టిన పనిలో దాన్ని సానబట్టి నున్నని గుంటగా మారుస్తారు. అచ్చులో నొక్కి చేసిన గాజుకైతే చాలాసార్లు నిలువునా సన్నని అతుకు గీత గోటికి తగులుతుంది. మీది మనిషి చేతిలో తయారైన వస్తువే. అయితే మచ్చ పనితీరును చెబుతుందిగానీ దేశాన్ని చెప్పదు. మురానోలోనైనా, బొహీమియాలోనైనా, ఫిరోజాబాద్‌లోనైనా కొలిమి దగ్గర పని అలాగే సాగుతుంది. బుడగలు చూసి ఊరు చెప్పడం కూడా కుదరదు.

రంగు చూసి మురానో అనేయడం నాకు నచ్చదు. అగ్నిప్రమాదాల భయంతో వెనిస్ పాలకులు 1291లో గాజు కొలిములను ఆ దీవికి తరలించారు. ఏడు వందల ఏళ్ల ఆ పేరును అడ్డం పెట్టుకుని, రంగురంగుల గాజు ఏది కనిపించినా మురానో అనడం అలవాటైపోయింది. ఫిరోజాబాద్ అనగానే పెదవి విరవడం మరీ అన్యాయం. మన దేశంలో గాజంటే గాజులొక్కటే కాదు. స్వదేశీ ఉద్యమ కాలంలో జనం దగ్గర పైసా పైసా పోగుచేసిన నిధితో పుణె దగ్గర తళేగావ్‌లో గాజు కర్మాగారం పెట్టుకున్నాం. మీది ఫిరోజాబాద్‌దే అని తేలినా దాని విలువ నా దృష్టిలో తగ్గదు.

వాజు పాతదా కొత్తదా అన్నది అడుగు చూస్తే కొంత తెలుస్తుంది. బల్ల మీద ఆనే అంచును భూతద్దంతో చూడండి. ఏళ్ల తరబడి వాడిన వస్తువుకు అక్కడ గీతలు అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా ఉంటాయి. అన్నీ ఒకే వైపుకు సాగితే ఎవరో గరుకు కాగితంతో రుద్ది పాతదనం తెచ్చారని అనుమానించాలి. దొంగనోట్లు చూసే ఊదారంగు టార్చి ఉంటే చీకట్లో వేసి చూడండి. గాఢమైన ఆకుపచ్చ వెలుగు వస్తే అందులో యురేనియం కలిసి ఉండవచ్చు. అలాంటి గాజు ఐరోపాలోనూ అమెరికాలోనూ విరివిగా చేశారు కాబట్టి దాన్నిబట్టి కూడా దేశం తేలదు.

మా జిల్లాలో వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే దారి ఒకటుంది. అమ్మినాయన దగ్గరికి మళ్లీ వెళ్లి, ఏ ఇంటి సామానులో వచ్చిందని అడగండి. నా తేనెరంగు వాజు గురించి నేను అడిగితే దాన్ని అమ్మిన దుకాణదారు, “అక్కా, అది రాయచోటి వైపు ఇంటిది, కువైట్ సరుకు” అన్నాడు. ఇల్లు కూడా చెప్పాడు. వెళ్లాను. ఆ ఇంటి పెద్దావిడ కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన మనిషి. 1988లో సెలవుకు వస్తూ, అక్కడి బజారులో కొని, చీరల మధ్య చుట్టి పెట్టెలో తెచ్చారట. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక, లక్షకు పైగా భారతీయుల్లాగే ఆమె కూడా జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా విమానంలో తిరిగొచ్చారు. సంపాదించిన సామానంతా అక్కడే ఉండిపోయింది. ముందు ప్రయాణంలో తెచ్చినవే మిగిలాయి. ఇల్లు మారేటప్పుడు మనవడు తెలియక పాత పెట్టెతో పాటు వాజునూ అమ్మేశాడు.

చీటీ చెప్పిన కాలానికీ ఆమె చెప్పిన సంవత్సరానికీ సరిగ్గా పొంతన కుదిరింది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూస్తుంటే వెనక్కి అడగాలనిపించలేదు. అక్కడే వదిలి వచ్చాను.

రాయచోటి, రాజంపేట, కడప ప్రాంతాల నుంచి ఎందరో కువైట్ వెళ్లి వచ్చారు. మన పాత సామాన్ల దుకాణాల్లో దొరికే విదేశీ గాజు చాలావరకు ఆ పెట్టెల్లోంచి వచ్చిందేనని నా నమ్మకం. మీరు దుకాణానికి త్వరగా వెళ్లండి, రోజులు గడిస్తే ఆయనకు ఏ ఇంటిదో గుర్తుండదు. వాజును తెల్లకాగితం మీద బోర్లించి, పక్క నుంచి టార్చి వేసి అడుగు భాగం ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. జిడ్డు ఉన్న చోట బంగారు రంగు మెరుపు ఏమైనా కనిపిస్తే, ముట్టుకోకుండా ముందు దాన్ని ఫొటో తీయండి.