ఫ్రీ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తే జీతం ఎవరిస్తారు?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. రెండో సంవత్సరం నుంచి కాలేజీలో మూడిల్ అనే సాఫ్ట్‌వేర్ పని చూసుకుంటోంది. అది ఓపెన్ సోర్సట, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చట. చదువయ్యాక కూడా కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి పనికొచ్చే ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీదే పనిచేస్తానంటోంది. రాత్రి పన్నెండింటి దాకా ల్యాప్‌టాప్ వదలదు. మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో ఏఐ కోర్సులో చేరాడు. ఫీజు లక్షన్నర, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు, ఈఎంఐ కూడా ఉందట. మా అమ్మాయిని అందులో చేర్పిద్దామంటే వినడం లేదు. ఫ్రీగా ఇచ్చేదాని మీద పనిచేస్తే జీతం ఎవరిస్తారు? బంధువులు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. రెండు దారులూ పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చడానికి ముందు ఒక మాట. మీ ఉత్తరంలో జీతం గురించి ఒక్క వాక్యమే ఉంది. బావమరిది కొడుకు గురించి రెండు మూడున్నాయి. ఇలాంటి ఉత్తరాలు గుంటూరు, విజయవాడల నుంచి నాకు వస్తూనే ఉంటాయి, మారేది కోర్సు పేరే. ఒకప్పుడు శాప్, ఆ తర్వాత హడూప్, ఆ తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు జెన్ ఏఐ. పెళ్లిలోనో గృహప్రవేశంలోనో ఎవరైనా "అమ్మాయి ఏం చేస్తోంది?" అంటే చెప్పుకోవడానికి వాళ్లకు తెలిసిన కంపెనీ పేరో, వాళ్లు విన్న కోర్సు పేరో ఉండాలి. మూడిల్ అంటే వాళ్లకు అర్థం కాదు, మీకూ అర్థం కాలేదు. మీ టెన్షన్‌లో సగం ఇదే. తప్పు పట్టడం లేదు, ఆడపిల్ల తండ్రికి ఆ ప్రశ్నలు ఎన్ని వైపుల నుంచి వస్తాయో నాకు తెలుసు. కాకపోతే ఆ సగానికి లక్షన్నర ఖర్చు పెట్టక్కర్లేదు.

మిగతా సగం నిజమైన ప్రశ్నే. డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

మూడిల్‌ను ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్టిన్ డూగియామస్ మొదలుపెట్టారు, మొదటి వెర్షన్ 2002లో వచ్చింది. పాఠాలు పెట్టడం, అసైన్‌మెంట్లు తీసుకోవడం, క్విజ్‌లు, మార్కులు అన్నీ అందులో నడుస్తాయి. కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, లైసెన్సు ఫీజు లేదు. కానీ ఒక యూనివర్సిటీ వేల మంది విద్యార్థులతో దాన్ని నడపాలంటే సర్వర్ కావాలి, చూసే మనిషి కావాలి, తమ పరీక్షల పద్ధతికి తగ్గట్టు మార్చి ఇచ్చేవాళ్లు కావాలి. యూనివర్సిటీ డబ్బు ఇచ్చేది వీటికి. ఈ పని చేసిపెట్టే కంపెనీలు చాలా దేశాల్లో ఉన్నాయి. మూడిల్ అధికారిక భాగస్వాములుగా ఉన్న కంపెనీలు తమ ఆదాయంలో కొంత వాటా మూడిల్‌కు కడతాయి, అసలు సాఫ్ట్‌వేర్ తయారీకి అది పెద్ద ఆధారం. కోడ్ ఉచితంగా ఇచ్చి సేవలకు డబ్బు తీసుకునే పద్ధతి చిన్నాచితకా బేరమనుకుంటే, రెడ్ హ్యాట్ అనే కంపెనీని చూడండి. సర్వర్లను నడిపే లినక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద ఇదే పని చేసిన ఆ కంపెనీని ఐబీఎం 2019లో 3,400 కోట్ల డాలర్లకు కొన్నది.

ఇక మీ అమ్మాయి రాత్రి పన్నెండింటి దాకా ఏం చేస్తోందో చెబుతాను. ఆమెను అడగకుండానే చెప్పగలను, ఎందుకంటే మూడిల్ చూసుకునే పిల్లలందరి కష్టాలూ ఒకటే. మిడ్ పరీక్షకు మూడొందల మంది ఒకే నిమిషంలో క్విజ్ తెరుస్తారు. పేజీ తిరుగుతూనే ఉంటుంది, తెరుచుకోదు. సార్లు ఫోన్ చేస్తారు. తప్పు మూడిల్‌ను నడిపే పీహెచ్‌పీ ప్రాసెస్‌లు చాలకనా, డేటాబేస్ కనెక్షన్ల పరిమితి దాటిందా, లేక కాలేజీ వైఫై వల్లా అని, జరిగిందంతా సర్వర్ రాసుకునే లాగ్ ఫైళ్లు చూసి తేల్చాలి. ఇంకో రోజు, ఫోరంలో పెట్టిన నోటీసు ఎవరికీ మెయిల్‌గా వెళ్లదు. వెతికితే, నిమిషానికోసారి వెనకాల నడవాల్సిన క్రాన్ అనే పని ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. కొత్త వెర్షన్ ఏడాదికి రెండు సార్లు వస్తుంది. అప్‌గ్రేడ్ చేయాలంటే డేటాబేస్, అప్‌లోడ్ చేసిన ఫైళ్లుండే ఫోల్డర్, కోడ్ మూడూ విడివిడిగా బ్యాకప్ తీయాలి. అందులో ఒక్కటి మర్చిపోయినా వెనక్కి రావడం కష్టం. ముందు ఒక నకలు సర్వర్ మీద చేసి చూసి, ఆ తర్వాతే అసలు దాని జోలికి వెళ్లాలి. ఇది పగలు చేయలేరు, క్లాసులు నడుస్తుంటాయి. అందుకే రాత్రి.

ఈ పనిలో ఆమెకు వచ్చేది లినక్స్, డేటాబేస్, పీహెచ్‌పీ, సర్వర్ భద్రత, అన్నిటికీ మించి కంగారులో ఉన్న మనుషులతో మాట్లాడే నేర్పు. రేపు మూడిల్ అనేదే లేకుండా పోయినా ఇవి ఎక్కడికీ పోవు. ఇంటర్వ్యూలో "ఏం చేశావు?" అని అడిగితే ఆ పిల్ల అరగంట మాట్లాడగలదు. యార్డులో మిర్చి టిక్కీ (బస్తా) విప్పి, కాయ చేతిలోకి తీసుకుని, తాలు ఎంతుందో చూడకుండా మీరు ధర చెబుతారా? ఉద్యోగం ఇచ్చేవాళ్లూ అంతే.

ఇప్పుడు హైదరాబాద్ కోర్సు. ఏఐ మీద నాకు కోపం లేదు. గణితం గట్టిగా ఉన్న పిల్లలు, ఎంటెక్ దాకా వెళ్లి మోడళ్ల లోతుపాతులు చూడాలనుకునే పిల్లలు తప్పకుండా వెళ్లాలి. నా అనుమానమంతా నాలుగు నెలల కోర్సుల మీదే. ఆ కోర్సుల్లో చాలావాటి సిలబస్ చూశాను. మొదటి నెల పైథాన్, అది మీ అమ్మాయి కాలేజీలో చదివేసింది. రెండో నెల కొన్ని లైబ్రరీలు. ఆ తర్వాత ఎవరో తయారుచేసిన మోడల్‌కు ప్రశ్న పంపి జవాబు తెచ్చుకోవడం, దాన్ని ఒక చాట్‌బాట్‌లా చూపించడం. బ్యాచ్‌లో ఉన్న వందమందీ ఒకే చాట్‌బాట్‌ను రెజ్యూమెలో పెడతారు. వడపోసేవాళ్లకు ఆ వంద రెజ్యూమెలూ ఒకటే. పైగా ఆ టూల్స్ ఏడాది తిరిగేసరికి మారిపోతున్నాయి. మూడో సంవత్సరంలో నేర్చుకున్నది నాలుగో సంవత్సరం ప్లేస్‌మెంట్ల నాటికి పాతబడితే ఆ లక్షన్నర దేనికి కట్టినట్టు?

"గ్యారంటీ" అన్నారు కదా, ఆ మాట రసీదు మీద ఉందేమో చూడమనండి. ఫోన్లో గ్యారంటీ అంటారు, కాగితం మీద "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అని రాస్తారు. అసిస్టెన్స్ అంటే ఒక వాట్సాప్ గ్రూపులో ఉద్యోగాల లింకులు పెట్టడం కూడా అవుతుంది. ఈఎంఐ అన్నది సాధారణంగా ఇన్‌స్టిట్యూట్ ఇచ్చేది కాదు. ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చే అప్పు అది. పిల్ల మధ్యలో మానేసినా, ఇన్‌స్టిట్యూటే మూతపడినా ఆ అప్పు మీ మీదే ఉంటుంది. ఇది నేను కల్పించి చెబుతున్న భయం కాదు. ఆన్‌లైన్ చదువుల కంపెనీల విషయంలో జాగ్రత్తగా ఉండాలనీ, ఖాతా నుంచి డబ్బు దానంతటదే కట్ అయ్యే ఆటో డెబిట్‌కు ఒప్పుకోవద్దనీ కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబర్‌లోనే తల్లిదండ్రులను హెచ్చరించింది.

పెద్ద పేర్ల సంగతీ చూడండి. ఎంఐటీ, హార్వర్డ్ కలిసి 2012లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సంస్థ పెట్టాయి. దాని సాఫ్ట్‌వేర్‌ను 2013లో ఓపెన్ ఎడెక్స్ పేరుతో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. ఎడెక్స్ వ్యాపారాన్ని 2021లో టూయూ అనే కంపెనీ 80 కోట్ల డాలర్లకు కొన్నది. 2024 జూలైలో ఆ టూయూ దివాలా రక్షణ కోరి కోర్టుకెళ్లింది. అదే నెల మన దేశంలో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఓపెన్ ఎడెక్స్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఎవరి దివాలాతోనూ ఆగలేదు. ఐఐటీ బాంబే తన ఆన్‌లైన్ కోర్సుల వేదికను దాని మీదే కట్టుకుంది. కోడ్ అందరి దగ్గరా ఉన్నప్పుడు కంపెనీ పోయినా పని పోదు. బంధువులకు పేరు చెప్పుకోవాలన్నా, నిన్న ఎంతో గొప్పగా చెప్పుకున్న పేర్లు ఇవాళ ఎలా ఉన్నాయో చూశారుగా.

కొంచెం కటువుగా మాట్లాడతాను, ఏమనుకోకండి. "ల్యాప్‌టాప్ వదలదు" అని రాశారు. పక్కన కుర్చీ వేసుకుని "ఏం చేస్తున్నావమ్మా, నాకూ చూపించు" అని ఎన్నిసార్లు అడిగారు? రెండో సంవత్సరం నుంచి ఒక కాలేజీ సర్వర్ నడుపుతున్న పిల్లని, ఎవరో చేరిన కోర్సులో చేరలేదని మొండిదంటున్నారు. ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని కూడా మీరు రాయలేదు, చేరాడని మాత్రమే రాశారు. కోర్సులో చేరడానికి డబ్బుంటే చాలు. మీ అమ్మాయి చేస్తున్న పనికి డబ్బు పెట్టి చేరడం కుదరదు. రెండిటిలో ఏది గొప్పగా చెప్పుకోవాల్సిందో వ్యాపారం చేసే మనిషికి నేను చెప్పాలా?

అలాగని అమ్మాయి చెప్పేదంతా సరేనని నేనూ అనను. ఆమెకూ రెండు మూడు సంగతులు చెప్పాలి, ఈ భాగం ఆమె చేత చదివించండి.

అమ్మా, అడ్మిన్ పాస్‌వర్డ్ నీ ఒక్కదాని దగ్గరే ఉంటే ఈ వారమే ఆ పద్ధతి మార్పించు. మార్కులు ఉండే సర్వర్ అది. రేపు ఎవరి ఇంటర్నల్ మార్కుల మీదైనా గొడవ వస్తే మొదట వేలు చూపించేది విద్యార్థి వైపే. ఒక లెక్చరర్ పేరు మీద అసలు అడ్మిన్ ఖాతా ఉండాలి, నీకు కావలసినంత వరకే అధికారం ఇచ్చిన ఖాతా వేరుగా ఉండాలి. మార్కులు ఎవరు ఎప్పుడు మార్చారో మూడిల్ రాసి ఉంచుతుంది, ఆ చరిత్ర చెరిపేసే సెట్టింగుల జోలికి పోవద్దు. రెండోది, కాలేజీ నీ చేత ఊరికే పని చేయించుకుంటోంది. చేయి, కానీ ఏమేం చేశావో వివరంగా రాసి హెచ్‌ఓడీ సంతకంతో లెటర్ తీసుకో. "సహకరించింది" అని ఒక్క ముక్క రాసిచ్చే సర్టిఫికెట్ ఎందుకూ పనికిరాదు.

మూడోది, ఒక్క కాలేజీ సర్వర్‌కే పరిమితమైతే నువ్వు చేసింది బయట ఎవరికీ కనబడదు. మూడిల్ లోపాల జాబితా అందరూ చూసేలా ఉంటుంది. ఒక చిన్న లోపం తీసుకుని సరిచేసి పంపు. మొదట ఒకరు సమీక్షిస్తారు, తర్వాత ఇంటిగ్రేషన్ బృందం చూస్తుంది, ఆ తర్వాత పరీక్షించేవాళ్లు చూస్తారు. తిప్పి పంపుతారు, మళ్లీ పంపు. ఆ తిప్పి పంపడాల్లో నేర్చుకునేది ఏ కోర్సులోనూ దొరకదు. తెలుగు అనువాదంలోనూ చేయి వేయొచ్చు, దానికి కోడింగ్ కూడా అక్కర్లేదు. అయితే టీషర్టు కోసం కామాలూ ఫుల్‌స్టాపులూ మార్చి పంపే గుంపులో కలవకు. ఓపెన్ సోర్స్‌కు మార్పులు పంపినవాళ్లకు టీషర్టులిచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో 2020లో అలాంటి చెత్త మార్పులు కుప్పలుగా వచ్చిపడితే, ఒప్పుకున్న ప్రాజెక్టులే అందులో ఉండేలా నిర్వాహకులు మధ్యలోనే నిబంధన మార్చాల్సి వచ్చింది. ఆ గుంపులో మన దేశం పిల్లలు చాలామంది ఉన్నారు. ఓపెన్ సోర్స్ కూడా ఒక ఫ్యాషన్ అయిపోయింది, ఆ మాట దాచి లాభం లేదు.

మళ్లీ మీ దగ్గరకు వస్తాను. మూడు, నాలుగు సంవత్సరాల్లో ఎలాగూ ఇంటర్న్‌షిప్‌లు తప్పవు, అది మీకు తెలిసిందే. బెంజి సర్కిల్ నుంచి బ్రాడీపేట దాకా ఎక్కడైనా నాలుగైదు వేలు కడితే క్లాసుకు వెళ్లకుండానే సర్టిఫికెట్ ఇస్తారని కూడా తెలిసే ఉంటుంది. దయచేసి అది కొనకండి. ఐఐటీ బాంబేలో ఫాసీ అనే ప్రాజెక్టు ఉంది, కేంద్ర ప్రభుత్వ విద్యాశాఖ నిధులతో నడుస్తుంది. కాలేజీల్లో డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ బదులు సైల్యాబ్, పైథాన్, ఈసిమ్, ఓపెన్‌ఫోమ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు చదువు చెప్పడంలో వాడేలా చేయడమే దాని పని. వేసవి ఫెలోషిప్‌కు వాళ్లు ముందు ఒక పని ఇచ్చి, దాన్ని ఎలా చేశారో చూసి తీసుకుంటారు. మీ అమ్మాయి చెబుతున్న రంగం సరిగ్గా ఇదే. ఐఐటీ బాంబే అనే పేరు బంధువులకు చెప్పుకోవడానికీ బాగానే ఉంటుంది లెండి. కొత్తవాళ్ల చేత ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ రాయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, ఎంపికైనవాళ్లకు స్టైపెండ్ ఇస్తారు. దానికి గట్టి పోటీ ఉంటుంది, రాకపోయినా బాధపడక్కర్లేదు.

పోలిక అడిగారు, టూకీగా చెబుతాను. కేవలం ఓపెన్ సోర్స్ విద్యా సాఫ్ట్‌వేర్ మీద పూర్తికాలం జీతమిచ్చే ఉద్యోగాలు మన చుట్టుపక్కల తక్కువ. పెద్ద యూనివర్సిటీల ఐటీ విభాగాలు, మూడిల్ సేవలందించే కంపెనీలు, ప్రభుత్వ బడుల ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షకు ఆధారమైన సన్‌బర్డ్ లాంటి వాటి మీద పనిచేసే బెంగళూరు సంస్థలు, ఇంతే. మొదటి జీతం క్యాంపస్‌లో సర్వీసు కంపెనీ ఇచ్చేదానికి అటూ ఇటూగానే ఉండొచ్చు. అందుకే క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు ఆమె కూర్చోవాల్సిందే, ఈ విషయంలో నేను మీ పక్షం. సర్వర్ పని తెలిసిన పిల్లకు క్లౌడ్, బ్యాకెండ్ ఉద్యోగాల్లో చోటుంటుంది, అక్కడ పనిచేస్తూ కూడా మూడిల్‌కు కోడ్ రాయొచ్చు. పాఠాలు చెప్పాలనే కోరిక కూడా ఉంటే ఎంటెక్ వైపు వెళ్లొచ్చు, దాని పరీక్షల సంగతి మీ కాలేజీలో చెప్పనివాళ్లుండరు. ఏఐ కోర్సు దారిలో ఇంతకంటే ఎక్కువ భరోసా ఏదీ నాకు కనబడలేదు, అప్పు మాత్రం కనబడింది. ఏఐ నేర్చుకోవాలనే ఉంటే ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే కొద్దిపాటి ఫీజు కట్టాలి.

ఆ ఫైనాన్స్ కాగితం మీద ఇంకా సంతకం పెట్టకపోతే పెట్టకండి. అడ్వాన్సు ఏమైనా కట్టి ఉంటే, రీఫండ్ గడువు ఎన్ని రోజులో రసీదు వెనకో, వాళ్లు పంపిన మెయిల్‌లోనో ఉందేమో రేపు పొద్దున్నే చూడండి. గడువు దాటకపోతే ఫోన్లో చెప్పి ఊరుకోకుండా మెయిల్ పెట్టించండి. ఆ మెయిల్ మీ అమ్మాయి రాసిపెడుతుంది.