నలుగురు పాడితే ఐదో గొంతు ఎక్కడిది?

ప్రశ్న: సార్, మేం నలుగురం అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాం. రాత్రిళ్ళు హాస్టల్ మెట్ల మీద పాడుకుంటాం. యాన్యువల్ డేకి పేర్లు కూడా ఇచ్చేశాం. తీరా ఫోన్లో రికార్డ్ చేసి వింటే ఒకే పాటను నలుగురం పోటీపడి అరిచినట్టుంది. ఒకటే టెన్షన్. మా లెక్చరర్ ‘ఫోర్ ఫ్రెష్‌మెన్’ పాటలు వినమన్నారు. ఎవరు సార్ వాళ్ళు?
– ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: మీ లెక్చరర్‌కి నా నమస్కారం చెప్పు నాయనా. వాళ్ళూ మీలాంటి కాలేజీ పిల్లలే. అమెరికాలో ఇండియానాపోలిస్‌లోని బట్లర్ యూనివర్సిటీ సంగీత కళాశాలలో 1948లో కలిశారు. రాస్ బార్బర్, డాన్ బార్బర్ అన్నదమ్ములు. బాబ్ ఫ్లానిగన్ వాళ్ళ కజిన్. నాలుగోవాడు హాల్ క్రాచ్. ఫ్రెష్‌మన్ అంటే ఫస్టియర్ కుర్రాడు. ఆ ఏడే చదువు వదిలేసి ఊళ్ళు పట్టుకు తిరిగారు. వాద్యాలు కూడా వాళ్ళే వాయించుకునేవాళ్ళు. 1950లో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో పాడుతుంటే బ్యాండ్ లీడర్ స్టాన్ కెంటన్ విని, కాపిటల్ రికార్డ్స్ అనే రికార్డుల కంపెనీ వాళ్ళకు చెప్పాడు. 1952లో వాళ్ళ పాట ‘ఇట్స్ ఎ బ్లూ వరల్డ్’ హిట్టయింది.

మీకు పనికొచ్చేది వాళ్ళు పాడిన పద్ధతి. శంకరాభరణం స్వరాల్లో స, గ, ప, ని తీసుకో. నలుగురూ తలా ఒకటి పట్టుకుంటే వినడానికి ఇరుకుగా ఉంటుంది. అందులో గాంధారాన్ని పైస్థాయికి పంపించు. ఇప్పుడు కింద స, దాని మీద ప, ని, అన్నిటికీ పైన గ. గొంతుల మధ్య గాలి ఆడుతుంది. వాళ్ళు ఇలా స్వరాలను దూరదూరంగా పరిచి పాడేవాళ్ళు. శ్రుతి సరిగ్గా కుదిరినచోట ఐదో మనిషెవరో పాడుతున్నట్టే ఉంటుంది.

బీచ్ బాయ్స్ అనే అమెరికన్ బ్యాండ్‌కి చెందిన బ్రయన్ విల్సన్ చిన్నప్పుడు ఈ రికార్డులే పెట్టుకుని, ఒక్కో గొంతునూ పియానో మీద వెతికి పట్టుకుని, తమ్ముళ్ళకు నేర్పాడు. మీరూ అంతే చేయండి, వేరే దారి లేదు.

నేను కడపలో చర్చి క్వయర్‌లో టెనార్, అంటే మగవాళ్ళ పైస్థాయి గొంతు, పాడేవాణ్ణి. ఆల్టో అంటే దానికి పైన ఉండే, ఆడవాళ్ళ కిందిస్థాయి గొంతు. క్రిస్మస్ ప్రాక్టీసులో మా మాస్టారు పాట మధ్యలో చెయ్యెత్తి ఆపేసి, “ఆల్టో ఏం పాడింది ఇప్పుడు?” అని నన్ను అడిగేవారు. చెప్పలేకపోతే మళ్ళీ మొదటినుంచి. నా గొంతు నేను తగ్గించుకుంటే తప్ప ఆల్టో వినపడదని నాకు నెల తర్వాతగానీ తెలియలేదు.

మెట్ల మీద వరసగా కూర్చోకండి, ఒకరికొకరు ఎదురుగా నిలబడండి. ఒక్క పాటే తీసుకోండి. మొదటి వారం మాటలు వద్దు, ‘ఊ’ అంటూ స్వరాలే పట్టండి. రోజుకొకరు పాడకుండా పక్కన నిలబడి, మిగతా ముగ్గురిలో ఎవరు జారుతున్నారో వినండి. ఆ తర్వాత మళ్ళీ రికార్డ్ చేసి నాకు రాయి.