గవర్నర్‌ని మధ్యలో దింపే ఎన్నికలో నేను ఖాళీగా వదిలేసిన ప్రశ్న

మీరడిగింది ఏంటంటే, అమెరికాలో రాష్ట్ర గవర్నర్‌ని టర్మ్ అయిపోకముందే దింపడానికి స్పెషల్ ఎలక్షన్ పెడతారంట కదా, అది ఎట్లా జరుగుతుంది, మనవాళ్లెవరైనా అందులో ఓటేశారా అని. నేను వేశాను. 2021 సెప్టెంబర్ 14న కాలిఫోర్నియాలో గావిన్ న్యూసమ్ మీద జరిగిన రీకాల్ ఎన్నిక అది. ఆ ఏడాదే నాకు సిటిజన్‌షిప్ వచ్చింది, అందుకని అమెరికాలో నేను వేసిన మొట్టమొదటి ఓటు కూడా అదే, పైగా అందులో నేను చేసిన ఒక పని ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నా, ఓపికతో చదవండి.

ముందు ఇది ఎక్కడ మొదలవుతుందో చెప్తా. సంతకాలతో మొదలవుతుంది. కిందటి గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 12 శాతం మంది ఓటర్లు సంతకం పెడితే చాలు, ఎన్నిక పెట్టి తీరాల్సిందే, కారణం ఇదీ అని ఎవరూ నిరూపించాల్సిన పని లేదు. 2021లో ఆ లెక్క 14,95,709 సంతకాలు. మామూలుగా వీటికి 160 రోజులే టైమ్ ఇస్తారు, కానీ కోవిడ్ వల్ల జనం బయటికి రావట్లేదని కోర్టు ఆ గడువుని 2021 మార్చి 17 దాకా పొడిగించింది. ఆ పొడిగింపు లేకపోతే అసలు ఈ ఎన్నికే వచ్చేది కాదని నా నమ్మకం. దానికి తోడు 2020 నవంబర్‌లో, జనాన్ని ఇళ్లల్లో ఉండమని చెప్తున్న టైమ్‌లోనే, న్యూసమ్ నాపా వ్యాలీలో ఒక ఖరీదైన రెస్టారెంట్‌కి పుట్టినరోజు డిన్నర్‌కి వెళ్లడం, ఆ ఫోటోలు బయటికి రావడం. మాకేమో పిల్లల స్కూళ్లు మూసేసి ఉన్నాయి, మా చిన్నోడు కిండర్‌గార్టెన్ మొత్తం ఐప్యాడ్ ముందే కూర్చుని చదివాడు, నాకూ కోపం వచ్చింది, రాలేదని చెప్పను. ఫ్రీమాంట్‌లో మేం కూరగాయలు కొనే ఇండియన్ స్టోర్ బయట ఒకతను అట్ట మీద కాగితాలు పెట్టుకుని సంతకాలు అడుగుతుంటే ఒక్క క్షణం ఆగాను కూడా. అప్పటికి నేను ఓటర్ని కాదు కాబట్టి ముందుకెళ్లిపోయాను. చివరికి చెల్లిన సంతకాలు 17 లక్షలు దాటాయి.

ఇక అసలు సంగతి బ్యాలెట్. ఆగస్టులో రాష్ట్రంలో ఉన్న ఓటర్లందరికీ, అంటే 2 కోట్ల 20 లక్షల మందికి పైగా, పోస్ట్‌లో బ్యాలెట్లు వచ్చాయి. కిచెన్ టేబుల్ మీద పరిచి చూస్తే రెండే రెండు ప్రశ్నలు. మొదటిది, న్యూసమ్‌ని పదవి నుంచి తీసేయాలా, ఎస్ ఆర్ నో. రెండోది, ఒకవేళ తీసేస్తే ఆ పదవిలోకి ఎవరు రావాలి, కింద 46 మంది పేర్లు. ఆ 46 మందిలో న్యూసమ్ పేరు ఉండదు, ఎవరిని తీసేయాలని అడుగుతున్నారో ఆయన రెండో ప్రశ్నలో నిలబడటానికి వీల్లేదు. మొదటి ప్రశ్నకి నో పెట్టినవాళ్లు కూడా రెండో ప్రశ్నకి జవాబు ఇవ్వచ్చు, రెండూ వేరు వేరుగా లెక్కపెడతారు. ఈ ముక్క చాలామంది మనవాళ్లకి తెలియలేదు. మా తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో వారం రోజులు దీని మీదే గొడవ, నో పెట్టి కింద ఎవరికైనా టిక్ పెడితే ఓటు చెల్లదు అని ఒకరు, కాదు చెల్లుతుంది అని ఒకరు. చెల్లుతుంది. ఎవరైనా అడిగితే ఇదే చెప్పండి.

అదే గ్రూప్‌లో ఇంకో పుకారు కూడా తిరిగింది, ఎన్వలప్‌కి రెండు చిల్లులు ఉన్నాయి, అందులోంచి ఎస్ పెట్టినవాళ్లెవరో చూసి ఆ ఓట్లు పారేస్తారు అని వీడియో. ఆ చిల్లులు ఎందుకంటే చూపు లేనివాళ్లు చేత్తో తడిమి సంతకం ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి, ఇంకా లెక్కింపు దగ్గర కవర్‌లో కాగితం ఏమీ మిగల్లేదని స్టాఫ్ చూసుకోవడానికి. బ్యాలెట్‌ని తిప్పి మడిస్తే అయిపోతుంది, ఏమీ కనపడదు. ఎవరో చూపులేని మనిషి ఇంకొకరి సాయం లేకుండా సంతకం పెట్టుకోవడానికి చేసిన ఏర్పాటుని మోసం కింద చూపించారే అని నాకు చాలా బాధేసింది.

ఇప్పుడు ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న తిరకాసు చూడండి, ఇదే ఈ మొత్తంలో నేను చెప్పాలనుకున్నది. తీసేయడానికి సగం కంటే ఎక్కువ ఓట్లు కావాలి. కానీ ఆ కుర్చీలో కొత్తగా కూర్చోవడానికి సగం అక్కర్లేదు, మిగతా 45 మంది కంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. అంటే నూటికి 49 మంది ఉండమన్న మనిషి వెళ్లిపోయి, నూటికి 20 మందో 25 మందో కావాలన్న మనిషి గవర్నర్ అయిపోవచ్చు, దాదాపు 4 కోట్ల మంది ఉన్న రాష్ట్రానికి. ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పేది కాదు, జులై ఆఖర్లో యూసీ బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ల పోల్‌లో తప్పకుండా ఓటేసేలా ఉన్నవాళ్లలో 47 శాతం తీసేయాలన్నారు, 50 శాతం వద్దన్నారు, అంత దగ్గరగా ఉండింది. అప్పుడు అమెరికా పార్లమెంటులో పైసభ అయిన సెనేట్ కూడా రెండు పార్టీల మధ్య సరిగ్గా 50-50 ఉంది, కాలిఫోర్నియా సెనేటర్ డయాన్ ఫైన్‌స్టీన్‌కి 88 ఏళ్లు, సీటు ఖాళీ అయితే నింపేది గవర్నరే. అందుకే దేశమంతా ఈ ఎన్నిక వైపు చూసింది.

న్యూసమ్ పార్టీ వాళ్లు, అంటే డెమొక్రాట్లు, ఏం చెప్పారంటే, నో పెట్టండి, అక్కడితో ఆపేయండి, రెండో ప్రశ్న ఖాళీగా వదిలేయండి అని. దానికి వాళ్ల కారణం వాళ్లకుంది, 2003లో అప్పటి కాలిఫోర్నియా గవర్నర్ గ్రే డేవిస్ మీద ఇట్లాంటి రీకాల్ వచ్చినప్పుడు సొంత పార్టీ లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి స్థానం) క్రూజ్ బుస్టమాంటే రెండో ప్రశ్నలో నిలబడ్డాడు, దాంతో డేవిస్‌ని తీసేసినా పర్లేదులే అనే దారి జనానికి దొరికిందని వాళ్ల బాధ. అప్పుడు 135 మంది పోటీ చేశారు, డేవిస్‌ని తీసేయమని 55 శాతం మంది వేశారు, ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ గెలిచాడు. కానీ ఒక తేడా గమనించండి, ఆర్నాల్డ్‌కి వచ్చినవి 42 లక్షల ఓట్లు, డేవిస్ ఉండాలని పడినవి 40 లక్షలు, అంటే వచ్చినవాడికి వెళ్లినవాడికంటే ఎక్కువే వచ్చాయి, ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. 2021లో అట్లా లేదు. పెద్ద పేరున్న డెమొక్రాట్ ఒక్కరూ రెండో ప్రశ్నలో లేరు, ముందున్నది అవతలి రిపబ్లికన్ పార్టీకి చెందిన రేడియో హోస్ట్ ల్యారీ ఎల్డర్, డెమొక్రాట్లలో అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నది ఒక యూట్యూబర్.

నేను నో పెట్టాను. స్కూళ్ల విషయంలో కోపం ఉన్నా సరే, ఇంకో ఏడాదిలో మామూలు ఎన్నిక ఎట్లాగూ ఉంది, అప్పుడు లెక్క తేల్చుకోవచ్చు అనుకున్నా. రెండో ప్రశ్న దగ్గర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నా. మా ఆవిడ ఎదురుగా కూర్చుని తన బ్యాలెట్‌లో రెండూ నింపేసింది, ఏం ఖాళీగా పెట్టావేంటి అంది. పార్టీ వాళ్లు అట్లా చెప్పారు కదా అన్నా. ఇల్లు కాలకుండా ఉండాలని కోరుకోవడం వేరు, కాలితే పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టాలో అనుకోవడం వేరు, రెండూ ఆలోచించాలి కదా అంది. ఆ రోజు పొగ వాసన కిటికీలోంచి వస్తుంది, ఉత్తరాన అడవులు తగలబడుతున్న నెల అది, అందుకే ఆ మాట అంత గట్టిగా తగిలిందేమో. అయినా నేను నింపలేదు. సంతకం పెట్టి, ఇద్దరివీ తీసుకెళ్లి లైబ్రరీ ముందున్న డ్రాప్ బాక్స్‌లో వేసి వచ్చాను.

నాలుగు రోజులకి మా ఆవిడకి కౌంటీ నుంచి ఉత్తరం, కవర్ మీద సంతకం మా దగ్గరున్న దాంతో కలవట్లేదు అని. తను తెలుగులో పెట్టే సంతకం ఏళ్లు గడిచేసరికి మారిపోయింది. ఫామ్ మీద మళ్లీ సంతకం పెట్టి పంపితే సరిపోయింది, ఓటు లెక్కలోకి వచ్చిందని మెసేజ్ కూడా వచ్చింది. ఇట్లాంటి ఉత్తరం వస్తే దయచేసి పక్కన పడేయకండి, సరిచేసుకునే హక్కు చట్టంలోనే ఉంది.

అప్పుడే మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నా. మాది జమ్మికుంట. హుజూరాబాద్ ఉప ఎన్నిక హడావుడి అక్కడ, ఈటల రాజేందర్ రాజీనామా చేసి మళ్లీ నిలబడుతున్నాడు, దళిత బంధు మొదలైంది, ఊర్లో రోజూ ఎవరో ఒక పెద్ద నాయకుడు. నేను ఇక్కడి సంగతి చెప్తే అమ్మ అన్నది, "గాయినెను మీరే గెలిపిస్తిరి, మళ్ల మీరే తీసేసుడేంది బిడ్డా, మరి గాయిన పోతే ఎవలొస్తరు?" అని. 9 వేల మైళ్ల అవతల కూర్చుని సూటిగా రెండో ప్రశ్నే అడిగింది ఆమె. నా దగ్గర జవాబు లేదు, నేను ఖాళీగా పెట్టొచ్చాను కదా.

మన దగ్గర ఇది లేదు. ముఖ్యమంత్రిని మనం నేరుగా ఎన్నుకోం, ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు, దింపేదీ వాళ్లే. మన మండలాల్లో మున్సిపాలిటీల్లో వచ్చే అవిశ్వాసం కూడా సభ్యుల చేతిలో ఉండేదే. జనం నేరుగా దింపడం అంటే మధ్యప్రదేశ్ మున్సిపాలిటీల్లో జరిగింది, అక్కడ బ్యాలెట్ మీద ఖాళీ కుర్చీ, నిండు కుర్చీ గుర్తులు పెట్టి ఉంచాలా తీసేయాలా అని అడిగారు.

రిజల్ట్ సంగతి అందరికీ తెలిసిందే, పోలింగ్ ముగిసిన గంటలోపే న్యూసమ్ నిలబడ్డాడని టీవీలో చెప్పేశారు. నో 62 శాతం, ఎస్ 38 శాతం. కానీ నన్ను పట్టుకున్నవి రెండో ప్రశ్న లెక్కలు. ఓటేసినవాళ్లు 1 కోటి 28 లక్షలు, రెండో ప్రశ్నకి జవాబిచ్చింది 74 లక్షల లోపు. నాలాగే 50 లక్షల మందికి పైగా ఖాళీగా వదిలేశారు. ల్యారీ ఎల్డర్‌కి వచ్చినవి 35 లక్షలు, న్యూసమ్ ఉండాలని పడినవి 79 లక్షలు. మొదటి ప్రశ్నలో గాలి అటు తిరిగి ఉంటే ఆ 35 లక్షలే మమ్మల్ని ఏలేవి, మేం నోరు మెదపడానికి కూడా ఉండేది కాదు, ఎందుకంటే అడిగినప్పుడు మేం ఏమీ చెప్పలేదు. గెలిచాం కదా అని ఫ్రెండ్స్ అంటారు, నాకు మాత్రం అది గెలుపు వల్ల కప్పబడిపోయిన తప్పులాగే కనిపిస్తుంది. ఖర్చు మాత్రం రాష్ట్రానికి 20 కోట్ల డాలర్లు.

విస్కాన్సిన్ రాష్ట్రం పద్ధతి నాకు దీనికంటే నచ్చుతుంది. 2012లో అప్పటి గవర్నర్ స్కాట్ వాకర్ మీద రీకాల్ వస్తే అక్కడ ఎస్ నో లేదు, వాకర్ ఒక పక్క, ఆయన ప్రత్యర్థి టామ్ బారెట్ ఇంకో పక్క, ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లు, వాకర్ 53 శాతంతో నిలబడ్డాడు. అడిగేది ఒక్క ప్రశ్నే కాబట్టి ఖాళీగా వదిలే పనే లేదు.

కాలిఫోర్నియాలో కూడా రెండో ప్రశ్నని తీసేసే రాజ్యాంగ సవరణని శాసనసభ పాస్ చేసి 2026 నవంబర్ బ్యాలెట్‌కి పంపింది. దాన్ని రాసిన అప్పటి రాష్ట్ర సెనేటర్ జాష్ న్యూమన్‌ని కూడా 2018లో రీకాల్‌లోనే తీసేశారు, 2020లో మళ్లీ గెలిచొచ్చాడు. నా ఓటు దానికి ఎస్. మా ఆవిడ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, తీసేసేది జనమైతే తెచ్చేది కూడా జనమే అవ్వాలి, మెజారిటీ రాకపోతే ఇద్దరి మధ్య మళ్లీ ఎన్నిక పెట్టండి కానీ అడగడం మానేయొద్దు అంటుంది. ఆ మాటలో కూడా న్యాయం ఉంది, దాని మీద మా ఇంట్లో వాదన ఇంకా నడుస్తూనే ఉంది.