డీవీడీలు బీరువాలో పెడితే డ్రమ్స్ పిచ్చి పోతుందా?

ప్రశ్న: మాది తిరుపతి. మా పెద్దవాడు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. కిందటేడు వాళ్ళ మామ అమెరికా నుంచి నీల్ పియర్ట్ అనే డ్రమ్మర్ డీవీడీలు మూడు తెచ్చిచ్చాడు. పాఠాలూ, స్టేజీ కచేరీలూ రెండూ ఉన్నాయి. అప్పటినుంచి వాడికి అదే లోకం. రెండు పుల్లలు పట్టుకుని దిండ్ల మీదా, పుస్తకాల మీదా కొడుతూనే ఉంటాడు. ఇప్పుడు ఇంటర్ ఆపేసి డ్రమ్మర్ అవుతానంటున్నాడు. ఎక్కడైనా చేరి నేర్చుకోరా అంటే, 'అన్నీ వీడియోల్లోనే ఉన్నాయి, సారెందుకు' అంటాడు. వాళ్ళ నాన్న కోపంతో డీవీడీలు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఈ లైన్‌లో బతుకుతెరువు ఉందా?

జవాబు: అమ్మా, ముందు ఆ తాళం తీయించండి. మీవాడికి మీరు చెప్పాలనుకుంటున్న మాట ఆ డీవీడీల మనిషి జీవితంలోనే ఉంది.

మూడు డీవీడీలంటున్నారు కాబట్టి అది 2011లో వచ్చిన 'టేకింగ్ సెంటర్ స్టేజ్' అయి ఉంటుంది. కెనడా బ్యాండ్ 'రష్'లో 1974 నుంచి వాయించిన పియర్ట్, తమ పాటల్లో డ్రమ్స్ భాగాన్ని ఎలా అల్లాడో ఒక్కో పాట తీసుకుని అందులో విప్పి చెబుతాడు. అదే పాటను వేదిక మీద వాయిస్తుంటే దగ్గరనుంచి చూపిస్తారు. మంచి సరుకు, పిల్లవాడి అభిరుచిని తప్పుపట్టలేం. కానీ పియర్ట్ మొదటి పాఠాల వీడియో 1996లో వచ్చింది. దానికి కొంచెం ముందు ఏం జరిగిందో మీవాణ్ణి అడగండి. 1994లో జాజ్ డ్రమ్మర్ బడ్డీ రిచ్ స్మారకంగా ఒక ఆల్బమ్ రికార్డు చేస్తున్నప్పుడు తోటి డ్రమ్మర్ స్టీవ్ స్మిత్ వాయింపు ఎంతో మెరుగుపడిందని పియర్ట్ గమనించాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగి, ఫ్రెడ్డీ గ్రూబర్ అనే పెద్దాయన దగ్గర తానూ శిష్యుడిగా చేరాడు. అప్పటికి వయసు నలభై దాటింది, బ్యాండ్‌లో ఇరవై ఏళ్ళు గడిచాయి, ప్రపంచమంతా పేరుంది. అయినా పుల్ల పట్టుకునే తీరు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఇంకొన్నేళ్ళకు జాజ్ కోసం పీటర్ ఎర్స్కిన్ దగ్గరకూ వెళ్ళాడు. సారెందుకు అనే కుర్రాడికి ఇంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు.

వీడియోలో అతని చెయ్యి మీవాడికి కనిపిస్తుంది, మీవాడి చెయ్యి అతనికి కనబడదు. మణికట్టు బిగుసుకుపోతోందా, ఎడమచెయ్యి వెనకబడుతోందా, లయ పరిగెడుతోందా అన్నది పక్కన కూర్చున్న మనిషే పట్టుకోవాలి. దిండ్ల మీద ఏడాదిగా కొడుతున్నాడంటే కొన్ని తప్పులు ఈపాటికే అలవాటైపోయి ఉంటాయి. అందుకే తొందరపడమంటున్నాను.

మరి గురువెక్కడ? మీరున్నది తిరుపతిలో. టీటీడీ వారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో మృదంగం, డోలు నేర్పుతారు. ఏ కోర్సుకు వయసు ఎంత, ఎప్పుడు చేర్చుకుంటారు అన్నది అక్కడికే వెళ్ళి కనుక్కోండి. రాక్ డ్రమ్స్ అడిగితే మృదంగం అంటారేంటని మీవాడు మొహం ముడుచుకోవచ్చు. రష్ వాళ్ళ 'టామ్ సాయర్' పాటే పెట్టించండి. మధ్యలో పాడటం ఆగి వాద్యాలే సాగే చోట లెక్క ఏడుకు మారుతుంది. మన కర్ణాటక సంగీతంలో మిశ్రచాపు తాళం కూడా ఏడే, తకిట తకధిమి. వాళ్ళదే ఇంకోటి, 'వైవైజెడ్' మొదట్లో మోగేది టొరంటో విమానాశ్రయం కోడ్, మోర్స్ సంకేతాల్లో. దాని లెక్క ఐదు మీద నడుస్తుంది. మన ఖండచాపూ ఐదే, తక తకిట. చేత్తో తాళం వేస్తూ, నోటితో ఆ జతులు పలుకుతూ నేర్చినవాడికి ఆ బేసి లెక్కలు ఒంటపడతాయి. పాశ్చాత్య డ్రమ్స్‌లో పునాదిగా నేర్పే 40 రూడిమెంట్లలోని కుడి, ఎడమ దెబ్బల వరసలు ఆ తర్వాత అర్థమవడం కష్టం కాదు. పుల్లల పని, కాళ్ళ పని మాత్రం డ్రమ్స్ సారు దగ్గరే నేర్చుకోవాలి. ఊళ్ళో చర్చి బృందాల్లో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్ళను అడిగితే పాఠాలు చెప్పేవాళ్ళు ఎవరో తెలుస్తుంది.

ఇక బతుకుతెరువు. ఉంది. అయితే నెల జీతంలాంటిది మాత్రం కాదు. పెళ్ళిళ్ళు, కాలేజీ ఫెస్టులు, హోటళ్ళలో లైవ్ బ్యాండ్లు, స్కూళ్ళలో పాఠాలు, ఇంట్లో ట్యూషన్లు ఇవన్నీ కలిస్తేనే ఒక సంపాదన అవుతుంది. మూఢాలు, ఆషాఢం వస్తే పెళ్ళి ప్రోగ్రాములు ఉండవు. సినిమా రికార్డింగుల్లో ఒకప్పుడు డ్రమ్మర్ చేసిన పని చాలావరకు ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ చేస్తోంది. కాబట్టి వాయించడంతోపాటు ఆ ప్రోగ్రామింగ్, సౌండ్ రికార్డింగ్ కూడా వస్తే నిలదొక్కుకోవడం తేలిక. దానికి ఎంపీసీ చదువు అక్కరకొస్తుంది. డ్రమ్స్ శివమణి గారు లేరా అని మీవాడు అడుగుతాడు. ఆయన తండ్రే తాళవాద్య కళాకారుడు. చిన్నప్పటినుంచి ఇంట్లోనే విద్య నడిచింది. ఆ వాతావరణం మీ ఇంట్లో లేదు, మీరే కల్పించాలి.

ఇంటర్ ఆపొద్దు. పియర్ట్ కూడా చదువు మధ్యలో వదిలేశాడని మీవాడికి తెలిసే ఉంటుంది, దాన్ని దాచకండి. ఆ తర్వాతి కథ కూడా చెప్పించండి. పద్దెనిమిదేళ్ళకు లండన్ వెళ్ళాడు, అనుకున్నట్టు జరగలేదు, కడుపు నింపుకోవడానికి షాపులో పని చేశాడు. ఏడాదిన్నరకు ఇంటికొచ్చి, నాన్న వ్యాపారంలో ట్రాక్టర్ విడిభాగాలు అమ్మాడు. రష్‌లోకి పిలుపు వచ్చింది ఆ తర్వాతే. అప్పుడు ఆదుకోవడానికి తండ్రి దగ్గర ఒక పని ఉంది. మీవాడికి అలాంటి ఆసరా ఇంటర్, ఆపైన ఒక డిగ్రీ. చెన్నై మూడున్నర గంటల ప్రయాణం. డిగ్రీ అక్కడ చదివితే ఏఆర్ రెహమాన్ పెట్టిన సంగీత కళాశాల కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ లాంటి చోట్లా, బ్యాండ్లలోనూ కాలు పెట్టడానికి వీలుంటుంది. ఈలోగా ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ రాక్ అండ్ పాప్ డ్రమ్స్ పరీక్షలు రాయించవచ్చు. ప్రారంభ స్థాయి తర్వాత 8 గ్రేడ్లు ఉంటాయి. డిగ్రీతో సమానం కావు గానీ వాడు ఎంతవరకు వచ్చాడో బయటివాళ్ళు చెప్పే లెక్క అది.

వాళ్ళ నాన్నగారికి ఒక మాట. పియర్ట్ పదమూడో పుట్టినరోజుకు తల్లిదండ్రులు కొనిచ్చింది పుల్లల జత, ప్రాక్టీస్ డ్రమ్, కొన్ని పాఠాలు. ఏడాది నిలబడితే డ్రమ్స్ కిట్ కొంటామన్నారు. నిలబడ్డాడు, కొన్నారు. మీరూ అదే చేయండి. రబ్బరు ప్యాడ్ కొనండి. వారానికి రెండు క్లాసులు, రోజుకు ముప్పావుగంట సాధన. డీవీడీలో ఏదైనా రెండు నిమిషాల ముక్క వాణ్ణే ఎంచుకోమనండి. ఫోన్‌లో లయ కొట్టే మెట్రోనోమ్ యాప్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టుకుని వారమంతా దాన్నే వాయించి, ఆదివారం రికార్డు చేయాలి. మూడు నెలల తర్వాత మొదటి వారం రికార్డూ చివరి వారం రికార్డూ సారుకు వినిపించండి. ఒకే ముక్క మీద వారమంతా కూర్చోగలిగితే వీడిలో పనివాడు ఉన్నాడని నేను నమ్ముతాను. రోజుకో కొత్త వీడియోకు దూకుతుంటే వాడికి ఇష్టం వినడమే. అదీ మంచిదే, దానికోసం చదువు మానక్కర్లేదు.

ఏడాది తర్వాత కిట్ కొన్నా వీడియోలోలాగా చుట్టూ పేర్చినది వద్దు, ఐదు డ్రమ్ముల మామూలు సెట్ చాలు. అపార్ట్‌మెంట్ అయితే హెడ్‌ఫోన్స్‌తో వాయించే ఎలక్ట్రానిక్ కిట్ చూడండి. మామూలు కిట్ దగ్గర కూర్చున్నప్పుడల్లా ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవాల్సిందే. 85 డెసిబెల్స్ దాటిన మోత గంటల తరబడి వింటే వినికిడి దెబ్బతింటుంది, డ్రమ్స్ మోత దానికంటే చాలా ఎక్కువ.