టైము రాయడం మరిచిపోకు తల్లీ

చిట్టితల్లీ,

నాగాయలంక అవతల తాబేళ్ల హేచరీలో, అదే గుడ్లను కంచె వేసి కాపలాతో పొదిగించేచోట, వాలంటీరుగా చేరతానంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. "నువ్వైనా వద్దని చెప్పన్నయ్యా" అని కూడా అన్నాడు. వద్దని నేను చెప్పను. మన ఇంటి పిల్ల ఇసుకలో తాబేటి జాడ వెతుక్కుంటూ రాత్రిళ్లు నడుస్తానంటే గుండె నిండిపోయింది. కానీ ఆ మాట విన్న దగ్గర్నుంచి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లే కళ్లముందు కదులుతున్నాయి. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మరిచిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు నీ లెక్క సరిచూసుకో. వేసవి సెలవుల్లో ఇంటర్న్‌షిప్‌గా చేస్తానన్నావట. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. మే నెలలో పెట్టె సర్దుకుని వెళితే నీకు కనిపించేది ఖాళీ కంచె. సెలవులు చూసుకుని కాదు, తాబేలు వచ్చే కాలం చూసుకుని వెళ్లాలి. మీ డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి కదా, సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌ను జనవరి నుంచి పెట్టుకోగలవేమో మీ జువాలజీ మేడమ్‌ను ఇప్పుడే అడుగు. కుదరకపోతే శని, ఆదివారాలు ఖాయం చేసుకో. పరీక్షల ముందు వారం మాత్రం వెళ్లకు.

అర్జీ డిసెంబరు లోపే ఇవ్వాలి. అటవీశాఖ వన్యప్రాణి విభాగం అధికారి పేరిట రాసి, ప్రిన్సిపాల్ గారి లేఖ, ఆధార్ నకలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది జతచెయ్యి. నీ పేరున్న అనుమతి కాగితం చేతికొచ్చేదాకా గుడ్డును తాకకు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. అనుమతి లేకుండా గుడ్లు తీస్తే, కాపాడడానికే తీశానన్నా చట్టం ఒప్పుకోదు. బస, భోజనం ఎవరు చూస్తారో, దారి ఖర్చులు ఎవరివో, చివర్లో సర్టిఫికెట్ ఎవరి సంతకంతో వస్తుందో వెళ్లకముందే అడిగి రాయించుకో. మొహమాటపడకు. అడగాల్సినవి అడిగిన పిల్లనే అక్కడ పని తెలిసినదానిలా చూస్తారు.

ఇక నీళ్ల సంగతి. మీ అమ్మకు కుక్కల భయం, పాముల భయం. నాకు పాయ భయం. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో ఏ ఇంట్లోనూ సముద్రం మాట తేలిగ్గా రాదు. ఈ భయం పాతదని కొట్టిపారెయ్యకు. హంసలదీవి, సంగమం వైపు తీరమంతా ఒకే ఇసుక కాదు, మధ్యలో పాయలు కోసుకుంటూ సముద్రంలో కలుస్తాయి. రాత్రి పదింటికి పాటులో, అంటే నీరు తీసినప్పుడు, మోకాలి లోతున దాటిన పాయ, రెండింటికి తిరిగొచ్చేసరికి ఛాతీ దాకా ఉండొచ్చు. పోటు మొదలైన మొదటి గంటలో నీరు మెల్లగా పెరుగుతుంది. మూడో గంట, నాలుగో గంటల్లోనే ఒక్కసారిగా లేస్తుంది. నువ్వు అలసిపోయి వెనక్కి తిరిగేది సరిగ్గా అప్పుడే. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి నిన్నటి టైము ఇవాళ పనికిరాదు. అమావాస్యకూ పున్నానికీ నీరు ఇంకా పైకెక్కుతుంది. అక్కడ చేపలు పట్టే పల్లెకారులకు తిథి చెబితే చాలు, పోటు ఎప్పుడో లెక్కగట్టి చెబుతారు. బయల్దేరే ముందు రోజూ వాళ్లనే అడుగు. తిరుగు దారిలో పాయ నిండితే దాటకు. ఇసుక దిబ్బ మీద కూర్చుని తెల్లారేదాకా ఆగు. ఆ రాత్రి పని మొత్తం పోయినా సరే, ఆగు. మీ నాన్నకు నేను సమాధానం చెప్పుకుంటాను.

నలుగురికి తక్కువైతే నడకకు వెళ్లొద్దు. టార్చికి ఎర్ర జిలుగు కాగితం రెండు మడతలు కట్టు. తెల్ల వెలుగు పడితే ఒడ్డుకొచ్చిన తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనుదిరుగుతుంది. కాళ్లకు బెల్టున్న చెప్పులు వేసుకో. వలల్లోంచి విసిరేసిన సముద్రపాములు ఒడ్డున పడి ఉంటాయి, చచ్చినట్టున్నా చేత్తో తీయొద్దు. సరుగుడు తోటల్లో చీకట్లో అడ్డదారి పట్టకు.

జాడ గుర్తించడం రెండు రాత్రుల్లో వచ్చేస్తుంది. ఇసుక మీద ముప్పావు మీటరు వెడల్పున, కుడీ ఎడమా మార్చి మార్చి తెడ్డు వేసినట్టు గీతలుంటాయి. ఎక్కిన జాడ ఒకటి, దిగిన జాడ ఒకటి. రెండూ కలిసేచోట ఇసుక చెదిరి ఉంటే గూడు ఉండొచ్చు. తల్లి ఇంకా అక్కడే ఉంటే ఎదురుగా వెళ్లకు. వెనక, దూరంగా, నేల మీద కూర్చో. గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లంతా బరువేసి ఊగుతూ ఆ చోటును అదిమి, సముద్రంలోకి దిగేదాకా సుమారు గంట పడుతుంది. ఆ గంట కదలకు. నీకు ఓపిక తక్కువని తెలుసు, అందుకే రెండోసారి చెబుతున్నాను, కదలకు.

ఇప్పుడు చెప్పేది నిదానంగా చదువు. హేచరీల్లో ఎప్పటినుంచో జరుగుతున్న తప్పు ఒకటుంది. చెడ్డవాళ్లు చేసేది కాదు, ప్రేమ ఉన్నవాళ్లే చేసేది.

తాబేలు రాత్రి ఒంటిగంటకు గుడ్లు పెడుతుంది. పొద్దున్నే వలకు వెళ్లే మనిషి జాడ చూసి ఏడింటికి కబురు పంపుతాడు. ఎనిమిదిన్నరకు ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వస్తారు. గబగబా తవ్వి, గుడ్లన్నీ పాలిథీన్ సంచిలో పోసి, గతుకుల దారిలో తెచ్చి, గుంత తీసి ఒంపేస్తారు. ఒక్క గుడ్డూ పగలదు. తెల్లగా, గుండ్రంగా, పింగ్‌పాంగ్ బంతుల్లా నిక్షేపంగా ఉంటాయి. 118 అని లెక్కపెట్టి రిజిస్టర్లో రాస్తారు. అందరూ సంతోషిస్తారు. యాభై రోజులు గడుస్తాయి, అరవై గడుస్తాయి, ఇసుక కదలదు. తవ్వి చూస్తే 118 గుడ్లూ అలాగే ఉంటాయి.

ఎందుకో విను. గుడ్డు బయటికొచ్చాక పిండం మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది. పచ్చసొన మీద, పైవైపుకి చేరి, కొద్ది గంటల్లోనే పొర ద్వారా పెంకు లోపలివైపుకి అతుక్కుంటుంది. ఆ అతుకు పడ్డాక గుడ్డును తిప్పినా, కుదిపినా పొర చిరిగిపోతుంది. పైకి గీత కూడా కనపడదు. ప్రాణం మాత్రం ఆ బండి మీదే పోయింది. తల్లి పెట్టిన రెండు గంటల్లోపు తీస్తే మంచిది. ఆరు గంటలు దాటితే ప్రమాదం. ఆ తర్వాత దాదాపు మూడు వారాలదాకా గుడ్డు కుదుపుకు తట్టుకోలేదు.

ఇందులో నన్ను ఇంకా బాధపెట్టేది రిజిస్టరు. అలాంటి గూటి ఎదురుగా "ఫలదీకరణ లేదు" అనో, "ఎండ ఎక్కువ" అనో రాసేస్తారు. ఏ టైముకు పెట్టింది, ఏ టైముకు తీశారు, ఏ టైముకు పూడ్చారు అన్న గడులు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఎవరూ కాదనలేరు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియకపోతే మరుసటి ఏడు మళ్లీ అదే బండి, అదే సంచి. నిజానికి గుడ్డే చెబుతుంది. పిండం ఉన్న గుడ్డుకు ఒకటి రెండు రోజుల్లో పైభాగాన సున్నం చుక్కలా తెల్లటి మచ్చ పడి, రోజురోజుకూ విస్తరిస్తుంది. ఆ మచ్చ పడి, లోపల పిండం చిన్నగానే ఆగిపోయి ఉంటే, దాన్ని వట్టి గుడ్డు అని రాయడం అబద్ధం.

కాబట్టి నీ పద్ధతి ఇలా ఉండాలి. గూడు ఉన్నచోటే క్షేమంగా ఉంటే, అంటే పోటు నీరు అందకుండా, కుక్కలూ నక్కలూ తవ్వకుండా కాపలా పెట్టగలిగితే, దాన్ని కదపొద్దు. హేచరీ గత్యంతరం లేనప్పుడే. తీయాల్సి వస్తే చేతులకు దోమల మందు, కొబ్బరినూనె ఏమీ ఉండకూడదు. పార, కర్ర వాడకుండా వేళ్లతోనే ఇసుక తోడు. పై గుడ్డు దొరికాక ఒక్కొక్కటే, ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి ఉంచి, అడుగున ఆ గూటి తడి ఇసుకే పరిచిన బుట్టలో పెట్టు. పైన గుడ్డ కప్పు. ఖాళీ అయిన గుంత లోతు కొలిచి రాసుకో, సాధారణంగా 45 సెంటీమీటర్ల దగ్గర్లో ఉంటుంది. మెడ సన్నం, అడుగు వెడల్పు, కూజాలా. హేచరీలో అదే ఆకారం, అదే లోతు తియ్యి. లోతు తగ్గితే వేడెక్కుతుంది, వేడి పెరిగితే పుట్టేవన్నీ ఆడపిల్లలే అవుతాయి, మరీ పెరిగితే ఏవీ పుట్టవు. పూడ్చేటప్పుడు ముందు తడి ఇసుక, చివర పొడి ఇసుక. గూటికీ గూటికీ మీటరు ఎడం. బుట్టను బండి మీద పెట్టనివ్వకు, చేత్తో మోసుకొని నడువు. వంద గుడ్లు మూడు కిలోల పైచిలుకు బరువుంటాయి, ఇద్దరు మారి మారి మోస్తే సరిపోతుంది. ఆలస్యంగా కబురొచ్చిన గూటిని అక్కడే వదిలి వల కప్పి కాపలా పెట్టమని గట్టిగా చెప్పు. పెద్దవాళ్లు తియ్యమంటే, చిన్నపిల్లవైనా సరే, కారణం చెప్పి ఆపు. అప్పుడు నోరు మూసుకోవడం మర్యాద కాదు.

నలభయ్యో రోజు దాటాక గూటి మీద వెదురుబుట్ట బోర్లించి, రాత్రంతా అరగంటకోసారి చూడు. పిల్లలు బయటపడగానే నీటికి కొంచెం ఎగువన ఇసుక మీద వదిలెయ్యి, వాటంతటవే నడవాలి. పొద్దున్నే ఎవరో పెద్దమనిషి వస్తారు, ఫోటో తీస్తారు అని బకెట్లో నీళ్లు పోసి ఉంచమంటే ఒప్పుకోకు. పుట్టిన మొదటి రోజు వాటికున్న శక్తంతా లోతు నీళ్లకు చేరడానికే, అది బకెట్లో ఈదడానికే అయిపోతుంది. తెల్లారితే కాకులు, గద్దలు. రోజూ ఒకేచోట వదలకు, చేపలు కాచుకుంటాయి. పిల్లలు బయటికొచ్చిన రెండు మూడు రోజులకు గూడు తవ్వి ఖాళీ పెంకులు, చచ్చిన పిల్లలు, పొదగని గుడ్లు వేరు వేరుగా లెక్కపెట్టు. 112 గుడ్లలో 84 ఖాళీ పెంకులుంటే 75 శాతం పొదిగినట్టు. తక్కువొస్తే తక్కువే రాయి.

బతికిన తాబేలు కంటే చచ్చిన తాబేళ్లే ఎక్కువ కనిపించే రాత్రులుంటాయమ్మా. మరపడవలు ఈడ్చే ట్రాలు వలలో చిక్కితే గాలికి పైకి రాలేక ఊపిరాడక పోతాయి. సముద్రంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, గుడ్ల కాలం దాటాక వస్తుంది. నీకు కోపం వస్తుంది. ఆ కోపంతో పల్లెకారుల మీద నోరు పారేసుకోకు. తెడ్ల పడవ మీద వెళ్లేవాడు, ట్రాలరు మీద వెళ్లేవాడు ఒకడు కాదు. నీకు గూళ్ల కబురు చెప్పేది, పాయ దాటించేది వాళ్లే. చచ్చినదాన్ని చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకు. డిప్ప పొడవు, వెడల్పు వంపు మీదుగా టేపుతో కొలిచి, తోక పొడవుగా ఉంటే మగది అని రాసి, రంగుతో గుర్తు వెయ్యి. లేకపోతే మర్నాడు ఇంకొకరు మళ్లీ లెక్కపెడతారు. మొదటిదాన్ని చూసినప్పుడు ఏడుపొస్తే ఏడువు. చిన్నప్పుడు రోడ్డు మీద ఉడుతపిల్ల చచ్చిందని రెండు పూటలు అన్నం తినని దానివి. ఏడ్చాక కొలత రాయి.

వేరేచోట ఈ పని ఎలా చేస్తారో చూడాలనుంటే జనవరిలో ఒక వారాంతం చెన్నై వెళ్లిరా. అక్కడ విద్యార్థులే 1988 నుంచి నడుపుతున్న తాబేళ్ల సంరక్షణ బృందం ఉంది, నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా రాత్రి నడకలు చేస్తారు. వాళ్లు నోటు పుస్తకం ఎలా నింపుతారో గమనించు. రేపు డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఎమ్మెస్సీకో, ఏ ప్రాజెక్టులో ఉద్యోగానికో వెళితే అక్కడ నీ పుస్తకమే మాట్లాడాలి. సీజనంతా ఒకే చేతిరాతతో తేదీ, టైము, చోటు, గుడ్ల లెక్క, పిల్లల లెక్క, విఫలమైన గూళ్లు కూడా ఉన్న పుస్తకం ముందు పెడితే, పని చేసిన మనిషివని చదివినవాళ్లకు తెలిసిపోతుంది. పెన్ను కాదు, పెన్సిల్ వాడు. మంచుకు, ఉప్పునీటికి సిరా పాకుతుంది.

మీ నాన్నతో రెండు టార్చీలు, ఎర్ర కాగితం, పాత గొడుగుగుడ్డ సంచి ఒకటి పంపిస్తున్నాను. సంచిలో బైండు పుస్తకం ఉంది, గడులు నేనే గీశాను. మొదటి గడి పెట్టిన టైము, రెండోది తీసిన టైము, మూడోది పూడ్చిన టైము. నడకకు వెళ్లే ప్రతి రాత్రీ బయల్దేరేముందు, ఆ రోజు పోటు ఎప్పుడో, తిరిగొచ్చేది ఎప్పుడో నాకు మెసేజ్ పెట్టు. తిరిగొచ్చాక ఇంకోటి పెట్టు. ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
పెదనాన్న