పెరటి నుంచి ఆకాశం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా టెలిస్కోప్ కటకం 70 మి.మీ., నాభ్యంతరం 700 మి.మీ. 10 మి.మీ. ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం)తో కృత్తికలను చూస్తే నాలుగైదు చుక్కలే కనిపిస్తున్నాయి. గుంపంతా ఏమైంది?

జవాబు: గుంపు మీ ఐపీస్‌లో పట్టడం లేదు. 700ను 10తో భాగించండి: 70 రెట్ల వృద్ధి. అంత వృద్ధిలో మామూలు ఐపీస్ చూపే ఆకాశం ముప్పావు డిగ్రీ లోపే. కృత్తికలేమో దాదాపు 2 డిగ్రీల మేర, అంటే నలుగురు పున్నమి చంద్రులను పక్కపక్కన పెట్టినంత వెడల్పున పరచుకుని ఉంటాయి. 25 మి.మీ. ఐపీస్ పెడితే వృద్ధి 28 రెట్లకు తగ్గి, ముఖ్యమైన చుక్కలన్నీ ఒకేసారి పడతాయి. 10×50 బైనాక్యులర్ (10 రెట్ల వృద్ధి, 50 మి.మీ. కటకాలు) ఇంకా మేలు. చుట్టూ నల్లని ఆకాశం కనబడితేనే గుంపు గుంపులా ఉంటుంది. పుష్యమిలోని ఎం44 అనే తారల గుంపుకూ ఇదే సూత్రం.

గోళాకార గుచ్ఛాల, అంటే బంతిలా కిక్కిరిసిన తారల గుంపుల సంగతి వేరు. హెర్క్యులెస్ తారామండలంలోని ఎం13 మీ టెలిస్కోప్‌లో దూదిపింజలా ఉంటుంది. దాని అంచుల్లో చుక్కలు విడివిడిగా కనిపించాలంటే 150 మి.మీ. టెలిస్కోప్, 100 రెట్లకు పైగా వృద్ధి కావాలి.

ప్రశ్న: ఆల్బిరియో అనే జంట తార చక్కగా విడిపోయింది. రెండు జంటలు కలిసిన ఎప్సిలాన్ లైరేలో మాత్రం రెండు చుక్కలే కనిపిస్తున్నాయి, నాలుగు కాదు. కటకం చాలదా?

జవాబు: చాలుతుంది, కానీ హద్దుకు దగ్గరగా ఉన్నారు. ఆల్బిరియో తారల మధ్య 34 ఆర్క్ సెకన్లకు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) పైగా ఎడం ఉంది. ఎప్సిలాన్ లైరేలో ఒక్కో జంట ఎడం రెండున్నర లోపే. 116ను కటకం మిల్లీమీటర్లతో భాగిస్తే విడదీయగల హద్దు తెలుస్తుంది. మీకది సుమారు 1.7 ఆర్క్ సెకన్లు. కాబట్టి 10 మి.మీ. ఐపీస్‌కు 2 రెట్ల బార్లో (వృద్ధిని పెంచే అదనపు కటకం) కలిపి 140 రెట్లతో చూడండి. రెండు తారలూ ఇంచుమించు సమాన కాంతితో ఉన్న ఎప్సిలాన్-2 అనే జంట ముందు విడిపోతుంది.

ఇంతకు మించి అడ్డుపడేది గాలి. టెలిస్కోప్‌ను అరగంట ముందే బయట పెట్టండి. గొట్టంలోని వెచ్చని గాలి కదులుతున్నంతసేపూ చుక్క ఉడుకుతున్నట్టే ఉంటుంది. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి వేడి కక్కుతుంది, అందుకే డాబా కంటే పెరటి మట్టి నయం. తార బాగా పైకెక్కాకే చూడండి. చిన్న బిళ్ళ, దాని చుట్టూ సన్నని వలయం కనిపిస్తే కంగారు పడకండి, అది కాంతి వివర్తనం, అంటే కటకం అంచుల దగ్గర కాంతి వంగడం వల్ల వచ్చేది. చుక్క ఒక పక్కకే తోక సాగితే మాత్రం కటకం అమరికను అనుమానించాలి.

మొదట వశిష్ఠుడితో చేయి తిప్పుకోండి. పక్కనున్న అరుంధతిని కన్నే పట్టేస్తుంది. టెలిస్కోప్‌లో వశిష్ఠుడే 14 ఆర్క్ సెకన్ల ఎడంతో రెండవుతాడు.

ప్రశ్న: ముందు జంటలా, గుచ్ఛాలా?

జవాబు: మునిమాపు వెలుగు పూర్తిగా పోకముందే ప్రకాశవంతమైన జంటలు. వాటికి చీకటి అవసరం లేదు, రంగులూ తేటగా తెలుస్తాయి. ఆల్బిరియో పసుపు, నీలం ఇంకా స్ఫుటంగా కావాలంటే ఫోకస్‌ను రవ్వంత సడలించండి. ఆపైన 20–30 నిమిషాలు ఫోన్ ముట్టకుండా, ఎర్ర టార్చితోనే గడిపి గుచ్ఛాల వైపు తిరగండి. మసకవాటిని నేరుగా కాక, ఓరచూపుతో చూడాలి. కార్తీక పౌర్ణమికి చంద్రుడు కృత్తికల దగ్గరే ఉంటాడు, ఆ రాత్రి పూర్తిగా జంటలకే ఇచ్చేయండి.