మిద్దె మీద క్యాబేజీ: ఆకులే వస్తున్నాయి, గడ్డ ఎందుకు కట్టడం లేదు?

మిద్దె మీద ఫిబ్రవరిలో నాటిన క్యాబేజీకి ఆకులే తప్ప గడ్డ రావడం లేదని ఒకరు రాశారండీ. తిరకాసంతా ఆ ఫిబ్రవరిలోనే ఉంది. హైదరాబాద్‌లో మా మిద్దె మీద మొదటి ఏడాది నేనూ అదే చేశాను. సంక్రాంతి వెళ్లాక తీరిగ్గా నారు కొనుక్కొచ్చి పెట్టాను. మార్చి ఎండలకి ఆకులు గొడుగుల్లా విచ్చుకున్నాయి గానీ ఒక్కటీ లోపలికి ముడుచుకోలేదు. గడ్డ కట్టే రోజుల్లో దానికి 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం ఉంటే హాయి. అందుకే ఇప్పుడు సెప్టెంబరు ఆఖర్లో నారు పోసి, నెల తిరిగాక నాటుతున్నాను. సంక్రాంతికి కోతకొస్తోంది.

మొక్కకో 12 అంగుళాల కుండీ ఇవ్వండి. ఆశకి పోయి మొక్కలు పెంచే ఒకే బ్యాగులో మూడు పెడితే నాకు దక్కినవి బత్తాయిలంత గడ్డలు.

ఇక పురుగు. ఆకుల్లో సన్నని చిల్లులు కనిపిస్తే ఆకు తిరగేసి చూడండి, పచ్చగా సన్నటి పురుగులుంటాయి. వాటి తల్లి బూడిద రంగు చిన్న రెక్కల పురుగు, ముడుచుకుని కూర్చుంటే వీపు మీద వజ్రాల్లాంటి మచ్చలు. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొడతాను. అంతకన్నా పనికొచ్చింది పోపుల డబ్బాలోని ఆవాలు! క్యాబేజీ నాటడానికి రెండు వారాల ముందే పక్క కుండీల్లో చల్లితే పురుగు ముందు ఆవ మొక్కల మీదికే పోతుంది. రైతులు చేసే పనే ఇది.

నీళ్లు మాత్రం రోజూ ఒకే తీరుగా పోయండి. నేను నాలుగు రోజులు ఊరెళ్లొచ్చి, జాలిపడి ఒక్కసారే బకెట్టు కుమ్మరిస్తే మర్నాటికి రెండు గడ్డలు నిలువునా పగిలాయి. ఆ సాయంత్రమే పకోడీలు వేసేశాం.

కోశాక ఉప్పు నీళ్లలో కాసేపు ఉంచితే దాక్కున్న పురుగులు పైకి తేలతాయి. అప్పుడే కోసిన గడ్డలో నీరెక్కువ, కూరకి నీళ్లు పోయక్కర్లేదు. నానబెట్టిన పెసరపప్పు వేసి, కాస్త పలుకుండగానే దించి, ఆవ పెడతాం. మెత్తగా ఉడకబెట్టారో, ఇల్లంతా ఆ వాసనే.

గడ్డ కోశాక మొక్క పీకేయకండి. కింది ఆకులు నాలుగుంచి నీళ్లు పోస్తుంటే మోడు చుట్టూ నిమ్మకాయలంత బుల్లి గడ్డలొస్తాయి. మా ఇంట్లో అవి ఉప్మాలోకి.